అమ్మ రక్తం పనికిరాదా?

ప్రశ్న: మా నాన్న పదకొండేళ్ల కిందట మేస్త్రీ పనికని వెళ్లి మళ్లీ రాలేదు. ఈమధ్య పక్క జిల్లాలో పాడుబావి పూడిక తీస్తుంటే ఎముకలు బయటపడ్డాయట, పోలీసులు పాత మిస్సింగ్ కేసులు తిరగేసి మాకు ఫోన్ చేశారు. డీఎన్ఏ టెస్టుకి నన్నూ నాన్నమ్మనీ రమ్మన్నారు. "ఇన్నేళ్లు కాపురం చేసిన నేను పనికిరానా" అని అమ్మ ఒకటే ఏడుపు. నాన్నమ్మకి 80 దాటాయి, ఆవిడ్ని తిప్పకుండా నేనొక్కదాన్నే ఇస్తే చాలదా?
- ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: ముందు అమ్మగారి సంగతి. ఆవిడకీ నాన్నగారికీ రక్తసంబంధం లేదు కాబట్టి ఆవిడ నమూనాని నేరుగా ఎముకతో పోల్చి లాభం లేదు, నిజమే. కానీ మీలో సగం అమ్మది, సగం నాన్నది కదా, మీ ఒక్కరి రక్తం చూస్తే ఏ సగం ఎవరిదో ల్యాబ్ వాళ్లకి ఎలా తెలుస్తుంది? అమ్మది కూడా ఉంటే ఆవిడ నుంచి వచ్చింది పక్కన పెట్టేయొచ్చు, మిగిలిందే నాన్నది, అది ఆ ఎముకల్లో ఉందా లేదా అన్నది అప్పుడు చాలా గట్టిగా తేలుతుంది. కాబట్టి అమ్మది కూడా తీసుకోమని మీరే అడగండి. వాళ్లది మేనరికమైతే ఆ మాట ముందే చెప్పండి, లెక్క మారుతుంది.

ఇక నాన్నమ్మ. కన్నతల్లి కాబట్టి ఆవిడ నమూనా ఎలాగూ విలువైనదే, పైగా ఏళ్ల తరబడి నీళ్లలో, బురదలో నానిన ఎముకలో మామూలు డీఎన్ఏ ముక్కలైపోయినా మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే చిన్న భాగాలు) డీఎన్ఏ దొరికే అవకాశం ఎక్కువ, ఒక్కో కణంలో దాని కాపీలు వందల్లో ఉంటాయి మరి. అది తల్లి నుంచే పిల్లలకి వస్తుంది. మీలో ఉన్నది మీ అమ్మది, నాన్నమ్మది కాదు, అందుకే ఈ పనికి మీరు పనికిరారు! నాన్నమ్మ కదల్లేకపోతే ఇంటికొచ్చి తీసుకోమనండి, చాలాచోట్ల చెంప లోపల దూదిపుల్లతో తుడిచినా సరిపోతుంది. అదీ కుదరకపోతే ఆవిడ కడుపున పుట్టిన మేనత్త, బాబాయి ఎవరైనా సరే, మేనత్త పిల్లలైనా సరే. బాబాయి పిల్లలు మాత్రం కాదు. 2012లో ఇంగ్లండులోని లెస్టర్‌లో ఒక కార్ పార్కింగ్ కింద దొరికిన మూడో రిచర్డ్ రాజు అస్థిపంజరాన్ని ఆయన అక్క ఆడసంతతిలో పుట్టినవాళ్లతోనే పోల్చి చూశారు, ఆయన చనిపోయింది 1485లో.

పోల్చడానికి మనుషులే లేకపోతే? పంజాబ్‌లోని అజ్నాలాలో 2014లో ఇలాగే ఒక బావి తవ్వితే, 1857లో చంపేసిన సిపాయిలవని చెప్పే ఎముకలు దొరికాయి. మన హైదరాబాద్‌లోని జీవకణ పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్లు కూడా పరీక్షించి, వీళ్లు గంగా మైదానం వైపు వాళ్లని 2022లో తేల్చారు. ఏ ఊరివాళ్లో, ఎవరి కొడుకులో మాత్రం తేలలేదు.

ఒకవేళ మ్యాచ్ కాకపోతే మీ నమూనా వేరే కేసులతో దానంతటదే పోలుతుందని అనుకోవద్దు. తప్పిపోయినవాళ్ల కోసం కూడా డేటా బ్యాంకు పెడతామన్న డీఎన్ఏ బిల్లుని 2019లో లోక్‌సభలో పెట్టి 2023లో వెనక్కి తీసుకున్నారు. అందుకే కేసు నంబరు, నమూనా తీసుకున్న తేదీ రాసి పెట్టుకోండి, ఇంకెక్కడైనా ఎముకలు దొరికితే వాటితోనూ పోల్చమని దరఖాస్తు ఇవ్వండి.

వెళ్లేటప్పుడు నాన్నగారు పళ్లు కనబడేలా నవ్విన ఫొటో ఏదైనా ఉంటే పట్టుకెళ్లండి. ఎప్పుడైనా చెయ్యి విరిగిందా, కాల్లో రాడ్ వేశారా, ఏ పన్ను పీకించుకున్నారు, ఇవన్నీ అడుగుతారు. అవి మీకంటే, నాన్నమ్మకంటే అమ్మకే బాగా గుర్తుంటాయి.