లోతు సముద్రం గురించి రాస్తున్న అమ్మాయికి

బరంపురం

చిరంజీవికి ఆశీస్సులు.

లోతు సముద్రం గురించి మీ గోపాల్‌పూర్ జాలరుల కోసం రాసి నువ్వు పంపిన వ్యాసం చదివాను. వాక్యం నీ చేతికి బాగానే లొంగుతోంది కాని, మొదటి పేజీ నిండా రాక్షసులే ఉన్నారు. నుదుట దీపం మోసే యాంగ్లర్ చేపను భూతంలా వర్ణించావే తప్ప, వాటిలో చాలా జాతులు అరచేతిలో ఇమిడేంత చిన్నవని చెప్పలేదు. బ్లాబ్ చేప సంగతీ అంతే. 2013లో జరిగిన ఒక ఓటింగులో ప్రపంచంలోకెల్లా అందవికారమైన జంతువుగా ఎన్నికైన ఆ చేప, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ తీరాల దగ్గర వందల మీటర్ల లోతున, తన ఒంటికి తగిన ఒత్తిడిలో ఉన్నంతసేపూ ఇంచుమించు మామూలు చేపలాగే ఉంటుంది. మనం చూసి నవ్వుకునే ఆ జారిపోయిన ముఖం, వలలో పైకి లాగడం వల్ల వచ్చిపడినది. లోతున గాలానికి పడిన చేపను గబగబా పైకి లాగితే లోపలి గాలితిత్తి ఉబ్బి పొట్ట, కళ్లు పొడుచుకొస్తాయని గోపాల్‌పూర్ జాలరులకు ఎవరూ నేర్పనక్కరలేదు. ప్రతి 10 మీటర్ల లోతుకూ, నేల మీద గాలి మోపే ఒత్తిడంత ఒత్తిడి పెరుగుతుందని నువ్వు చెబితే, మిగతాది వాళ్లే అందుకుంటారు.

అయినా, మన ఎదుటే బంగాళాఖాతం ఉండగా అంత దూరం పోవడమెందుకు? ఋషికుల్య ముఖద్వారంలో గుడ్లు పెట్టే తాబేళ్ల గురించి ఏటా అందరూ రాస్తారు, రాయనీ. తీరం దాటాక నీటి కింద ఏముందో రాసేవాళ్లు లేరు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి తెచ్చి పోసే మంచినీరు ఉప్పునీటికంటే తేలిక కనుక పైపొరగా నిలిచి, కింది నీటితో కలవకుండా అడ్డుపడుతుంది. పైనుంచి రాలే చచ్చిన జీవుల అవశేషాలు కుళ్లుతూ కింద ఉన్న ఆక్సిజన్‌ను వాడేసుకుంటాయి, కొత్తది చాలినంత దిగదు. అందుకే సుమారు 100 మీటర్ల నుంచి కొన్ని వందల మీటర్ల లోతు వరకు ఆక్సిజన్ అతి తక్కువగా ఉండే పట్టీ ఒకటి ఏర్పడింది. నీ వ్యాసానికి ఇంతకంటే మంచి వస్తువు నాకు తోచడం లేదు.

ఈ సంగతులు ఎలా తెలిశాయో కూడా చెప్పు. చదివేవాడికి నమ్మకం కలిగేది అక్కడే. గొట్టంలాంటి ఆర్గో యంత్రం 1,000 మీటర్ల లోతున ప్రవాహం వెంట కొట్టుకుపోతూ, సుమారు 10 రోజులకోసారి 2,000 మీటర్లకు దిగి, పైకి వచ్చే దారి పొడవునా ఉష్ణోగ్రత, లవణీయత కొలిచి, ఆ లెక్కలను ఉపగ్రహానికి అందిస్తుంది. మన దేశంలో ఆ పని చూసే హైదరాబాదు సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్, చేపలు దొరికే చోట్ల సూచనలు పంపేది కూడా కనుక, ఆ పేరు మీ వాళ్లు వినే ఉంటారు. మనుషులను 6,000 మీటర్లకు దింపడానికి తయారవుతున్న మత్స్య 6000 అనే మన దేశపు జలాంతర వాహనం గురించి రాసేటప్పుడు, ఆ లోతు గోపాల్‌పూర్ నుంచి బరంపురం వచ్చే రోడ్డులో సగం కూడా ఉండదని చెప్పు.

ఇక భాష. మీ వాడలో పిల్లలు బడిలో ఒడియా చదువుతారు, తెలుగు ఇంట్లో మాట్లాడతారు. వాళ్లలో చాలామందికి నీ వ్యాసం ఎవరో చదివి వినిపించాల్సిందే. కనుక చెవికి అందని సమాసాలు తీసెయ్. తిరగరాశాక ఒక సాయంత్రం పడవల దగ్గర చదివి, వాళ్లు ఎక్కడ ఆపి ప్రశ్న వేశారో అంచున గుర్తు పెట్టి, ఆ ప్రతినే నాకు పంపు.