దుప్పి ముక్కు బూటులా మెరవకూడదు

మలక్‌పేట, హైదరాబాద్

చి॥ మాధవికి పెదనాన్న ఆశీస్సులు.

ఆ పాతింటి గోడ మీద చర్మం నింపి తగిలించిన చుక్కల దుప్పి తలల్ని బాగుచేస్తానని ఒప్పుకున్నావట, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. వింటున్నంతసేపూ గర్వంగానే ఉంది. ఫోన్ పెట్టేశాకే భయం పట్టుకుంది.

కాగితాల సంగతి క్లుప్తంగా చెప్తా. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఆ తలలకు యాజమాన్య ధ్రువపత్రం ఉందా అని ఇంటివాళ్ళని అడుగు, కళ్ళారా చూశాకే ముట్టుకో. దీన్ని వ్యాపారంగా చెయ్యాలనుకుంటే చట్టం ఒప్పుకుంటుందో లేదో ముందే అటవీశాఖని అడుగు. మొహమాటపడకు.

నాకు అసలు భయం ఆర్సెనిక్ గురించి. పాతకాలపు తలలకు పురుగు పట్టకుండా చర్మం లోపలివైపు ఆర్సెనిక్ సబ్బు పూసేవారు. ఎన్నేళ్ళయినా దాని విషం విరగదు. తెల్లపొడి కనబడలేదు కదా అని లేదనుకోకు, ఉందనే అనుకుని పనిచెయ్యి. ముక్కు దగ్గర చర్మం పగిలి లోపలిదంతా బయటపడుతుంది కాబట్టి అక్కడ మరీ జాగ్రత్త. చేతులకి నైట్రైల్ గ్లవ్స్, మొహానికి ఎన్95 మాస్క్ ఉండాలి. ఇసుక కాగితం దగ్గరికే రానివ్వకు. దుమ్ము కనబడితే ఊదడం నీకు చిన్నప్పట్నుంచీ అలవాటు, అందుకే మళ్ళీ చెప్తున్నా, ఊదొద్దు. తడి దూదితో అద్ది తీసి, ఆ దూదిని కవర్లో మూటగట్టు. వంటింట్లో మాత్రం ఈ పని పెట్టుకోకు.

చేతులు కదిలించే ముందు కళ్ళతో చూడాలి. వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలిలో దుప్పులున్నాయి, కెమెరాతో ఒక పొద్దు వెళ్ళు. అంతకన్నా దగ్గరగా చూడాలంటే మీ వీధిలో ఆవు ముట్టె చాలు. చెమ్మగా ఉన్న చిన్న చిన్న బొడిపెలు, వాటి మధ్య సన్నటి గాళ్ళు, అంటే గాడి గీతలు. దుప్పిదీ అదే తీరు, కాకపోతే ఇంకా చిన్నవి. ముక్కు నడుమ కాస్త పెద్దగా ఉండి, ముక్కుపుటాల అంచుకి వచ్చేసరికి నలిగి సన్నబడతాయి. పుటం గుండ్రటి బొక్క కాదు, కామా ఆకారంలో వంకర తిరిగి ఉంటుంది.

ఇప్పుడు ఆ పాత తప్పు గురించి. మా తరంలో ఈ పని చేసినవాళ్ళందరం చేసిందే, నువ్వు బాగుచెయ్యబోయే తలల మీదా అదే కనబడుతుంది. ముక్కు చర్మాన్ని లోపల్నుంచి సరిగా పలచన చెయ్యకపోతే ఎండినప్పుడు కుంచించుకుపోతుంది, పుటాలు వెనక్కి లాగుకుంటాయి, పగుళ్ళు వస్తాయి. ఆ పగుళ్ళు కప్పడానికి నల్ల ఎనామెల్ దట్టంగా పూసేవారు. అది గాళ్ళన్నీ పూడ్చేస్తుంది. పైన వార్నిష్ ఇంకో పొర. తడి ముక్కు మీద వెలుగు ఒక్కో బొడిపె మీదా ఒక్కో చుక్కగా విరిగి మెరుస్తుంది. గాళ్ళు పూడిపోతే అదే వెలుగు ఒకే పలకలా తళుక్కుమంటుంది, పాలిష్ పెట్టిన బూటులాగా. పోనీ అంతటితో ఆగుతుందా? ఎండాకాలం ఎండి, వానాకాలం చెమ్మ పీల్చి చర్మం కదులుతూనే ఉంటుంది. పైనున్న గట్టి పొర కదలదు కాబట్టి పెచ్చులూడుతుంది. అది చూసి ఇంకొకరు ఇంకో పూత వేస్తారు. అలా పొర మీద పొర. అన్నిటికీ మూలం మందమే. పుట్టీ, రంగు, మెరుపు, ఏదైనా సరే, పలచన చెయ్యి.

పాత ఎనామెల్ తియ్యడానికి ముందు పుటం కింద బియ్యపుగింజంత మేర అసిటోన్‌తో (నెయిల్‌పాలిష్ తీసే ద్రవం) పరీక్షించు. మెత్తబడిన పొరని వెదురుపుల్లతో లేపు, బ్లేడు వద్దు. నీళ్ళు మాత్రం పొయ్యకు, పాత చర్మం నాని ఉబ్బి, ఆరేటప్పుడు చిరుగుతుంది. ఆ ఎన్95 మాస్క్ అసిటోన్ ఆవిరిని ఆపదు, కిటికీలు తెరిచిపెట్టు, దగ్గర్లో మంట ఉండకూడదు.

తర్వాత 100 మి.లీ. అసిటోన్‌లో 10 గ్రాముల పారలాయిడ్ బి-72 అనే అక్రిలిక్ రెజిన్ కరిగించి, చర్మానికీ పుట్టీకీ మధ్య పొరగా పలచగా రెండు పూతలు వెయ్యి. రేపెవరైనా నీ పని తీసెయ్యాలనుకుంటే చర్మం చెడకుండా తియ్యగలగాలి. ఇక పగుళ్ళు పూడ్చే పుట్టీ. పైపులకి వాడేది త్వరగా బిగుసుకుంటుంది, చెక్కడానికి తీరిక దొరకదు. శిల్పాలకి వాడే ఎపాక్సీ పుట్టీ తీసుకో. రెండు భాగాలూ శనగగింజంత చొప్పున సమంగా, చారలు పోయేదాకా కలుపు. ఉసిరికాయంత కలిపావంటే సగం పారేస్తావు. ముందు పగుళ్ళలోకి నొక్కి, మిగిలింది ఒక మిల్లీమీటరు దాటకుండా పరుచు.

బొడిపెల కోసం టూత్‌బ్రష్‌తో పొడిచేవాళ్ళున్నారు. దాంతో పడేవి గుంటలు, నారింజ తొక్కలాగా. మనకి కావాల్సింది దానికి సరిగ్గా ఉల్టా. పుట్టీ కొంచెం బిగిశాక పైన పలచటి ప్లాస్టిక్ కాగితం కప్పి, మొద్దు సూదితో గాళ్ళు గియ్యి, వలలాగా. గాళ్ళ మధ్య మిగిలిందే బొడిపె. ప్లాస్టిక్ ఉండటం వల్ల అంచులు గుండ్రంగా తేలతాయి. బొడిపెలన్నీ ఒకే కొలతలో వస్తున్నాయంటే చెయ్యి ఆపి ఆవుని మళ్ళీ చూసిరా.

ఇరవైనాలుగు గంటలు ఆరనిచ్చి రంగుకి దిగు. డబ్బాలోని నలుపు నేరుగా వద్దు. నలుపులో బర్న్‌ట్ అంబర్ అనే ముదురు గోధుమరంగు కలిపి, అక్రిలిక్‌ని నీళ్ళలా పలచన చేసి మూడు నాలుగు చేతులు వెయ్యి. పుటం లోపలికి వెళ్ళేకొద్దీ కాస్త గులాబీ ఛాయ. వెంట్రుకల దగ్గర గీత గీసినట్టు ఆపకు, చిన్న చిన్న చుక్కలుగా పలచబరుచు. మెరుపు పూత పుటాల లోపలి అంచుకీ గాళ్ళకీ చాలు. వెంట్రుకకి తగిలిందా, జిగురులా అంటుకుపోతుంది, దువ్వినా విడదు.

మెరుపు పూసే ముందు నాకొక ఫోటో పంపు. ఎదురుగా ఫ్లాష్ వెయ్యకు, టార్చి పక్కనుంచి పట్టుకుని తియ్యి, అప్పుడే గాళ్ళు నాకు తెలుస్తాయి. అన్నానికి కూర్చునే ముందు చేతులు రెండుసార్లు కడుక్కో తల్లీ, గ్లవ్స్ వేసుకున్నా సరే.

ఇట్లు,
పెదనాన్న