సైన్యానికి లేజర్ పరికరాలు చేస్తానంటున్న అమ్మాయిని ఏం చదివించాలి?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర ఒక గ్రామం. కొబ్బరి వ్యాపారం చేస్తాను. మా అమ్మాయి అమలాపురంలో ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. ఇళ్ళ కాంట్రాక్టులు చేసే మా బావమరిది దగ్గరున్న లేజర్ కొలత మీటరును ఈ మధ్య విప్పి చూసింది. అది ఇంట్లో బాగానే పనిచేసి, బయట ఎండలో నలభై మీటర్లు దాటితే ఎందుకు కొలవడం లేదని అప్పటినుంచి ఒకటే ఆలోచన. సైన్యానికి పనికొచ్చే చిన్న లేజర్ పరికరాలు తానే కనిపెడతానంటోంది. బంధువులందరూ కంప్యూటర్ సైన్సులో చేర్చమంటున్నారు. ఇటువంటి పని మన దేశంలో ఉద్యోగంగా ఉంటుందా? ఉంటే ఏం చదివించాలి? ఆడపిల్లకు అనువైనదేనా?

జవాబు: నమస్కారమండీ. ఇటువంటి పని మన దేశంలో ఉంది, అదీ మీకు అంత దూరంలో ఏమీ లేదు. హైదరాబాదులో రక్షణ పరిశోధన సంస్థ అయిన డీఆర్‌డీవోకు సెంటర్ ఫర్ హై ఎనర్జీ సిస్టమ్స్ అండ్ సైన్సెస్ అనే ప్రయోగశాల ఉంది. దానిని క్లుప్తంగా చెస్ అంటారు. ఆ ప్రయోగశాల ఇతర సంస్థలతో కలిసి రూపొందించిన 30 కిలోవాట్ల లేజర్ ఆయుధాన్ని 2025 ఏప్రిల్ 13న కర్నూలు దగ్గరి పరీక్షా క్షేత్రంలో డ్రోన్లపై ప్రయోగించి చూపారు. అది వాహనంపై అమర్చే పెద్ద ఆయుధం. మీ అమ్మాయి చెబుతున్న చిన్న పరికరాలు, అంటే దూరం కొలిచే రేంజ్ ఫైండర్లు, బాంబుకు లక్ష్యాన్ని చూపే డిజిగ్నేటర్లు, శత్రువు లేజర్ మనపై పడగానే హెచ్చరించే గ్రాహకాల వంటివాటి రూపకల్పనలో డెహ్రాడూన్‌లోని ఐఆర్‌డీఈ ప్రయోగశాలకు చాలాకాలపు అనుభవం ఉంది. మచిలీపట్నంలోని భారత్ ఎలక్ట్రానిక్స్ యూనిట్ రాత్రి చూపు పరికరాలకు, సైనిక దృశ్య పరికరాలకు పేరున్నది. 1999 కార్గిల్ యుద్ధంలో టైగర్ హిల్‌పై మన మిరాజ్ విమానాలు లేజర్ సాయంతో బాంబులు వేసిన నాటినుంచి ఈ పరికరాల విలువ మన దేశంలో సామాన్యులకు కూడా తెలిసింది.

ఇప్పుడు మీ అమ్మాయిని వేధిస్తున్న ప్రశ్నకు వస్తాను. ఆమె ఏం చదవాలన్నది ఆ ప్రశ్నలోనుంచే తేలుతుంది కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

మేస్త్రీలు వాడే ఆ మీటరులో లేజర్ శక్తి సాధారణంగా ఒక మిల్లీవాటు కంటే తక్కువ. దాని కాంతి సెకనుకు కోట్లసార్లు హెచ్చుతగ్గులు అవుతూ వెళ్ళి గోడను తాకి తిరిగి వస్తుంది. పోయిన కాంతికీ వచ్చిన కాంతికీ మధ్య ఆ హెచ్చుతగ్గుల వరసలో ఎంత తేడా ఉందో చూసి దూరం లెక్కకడతారు. ఎండలో సూర్యకాంతి ఆ బలహీనమైన తిరుగు కాంతిని ముంచేస్తుంది కాబట్టి బయట దాని పని సన్నగిల్లుతుంది. సైనిక రేంజ్ ఫైండరు మరో మార్గాన్ని పట్టుకుంటుంది. ఒకే ఒక్క, అతి క్లుప్తమైన కాంతి స్పందనను (పల్స్‌ను) పంపి, అది తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని కొలుస్తుంది. కాంతి నానోసెకనుకు, అంటే సెకనులో వందకోట్లవ వంతులో, 30 సెంటీమీటర్లు పోతుంది. రానూపోనూ దూరం లెక్కలోకి తీసుకుంటే, గడియారంలో ఒక నానోసెకను పొరపాటు కొలతలో 15 సెంటీమీటర్ల పొరపాటు అవుతుంది. 10 కిలోమీటర్ల దూరంలో ఉన్న లక్ష్యం నుంచి కాంతి తిరిగి రావడానికి సుమారు 67 మైక్రోసెకన్లు పడుతుంది. అందువల్ల సగం పని గడియారానిది, గ్రాహకానిది, అంటే ఎలక్ట్రానిక్స్‌ది.

మిగతా సగం ఆ స్పందనను పుట్టించడంలో ఉంది. మన డెల్టా కాలువల మీది లాకు తలుపులు మూసి నీటిమట్టం పెరిగాక ఒక్కసారిగా ఎత్తితే నీరు ఎంత ఉరవడిగా దూకుతుందో, లేజర్ స్ఫటికంలో శక్తిని ఆపి ఉంచి ఒక్కసారి వదిలితే కాంతి కూడా అలాగే దూకుతుంది. ఈ పనిచేసే భాగాన్ని క్యూ స్విచ్ అంటారు. పది మిల్లీజౌళ్ళ శక్తి మనకు ఏమంత లెక్కలోనిది కాదు. దానినే పది నానోసెకన్లలో విడుదల చేస్తే ఆ క్షణానికి పది లక్షల వాట్ల కాంతి అవుతుంది. అంత కాంతి చేతిలో ఇమిడే పెట్టెలోనుంచి, చిన్న బ్యాటరీతో వస్తుంది కాబట్టే దానికి ఎండ అడ్డు రాదు.

ఇక చిన్నదిగా చేయడం. ఈ రంగంలో కనిపెట్టడం అంటే ఎక్కువగా ఇదేనని నేను మీ అమ్మాయికి గట్టిగా చెప్పదలచుకున్నాను. లేజర్‌ను 1960లోనే మైమన్ అనే శాస్త్రవేత్త కెంపు స్ఫటికంతో చేసి చూపించాడు. దూరం కొలిచే సూత్రమూ పాతదే. ఇవాళ్టి ఆవిష్కర్తల కష్టమంతా బరువు, పరిమాణం, బ్యాటరీ వాడకం తగ్గించడంలో, తగ్గించాక కూడా అది ఎడారిలోనూ మంచులోనూ పనిచేసేలా చూడడంలో ఉంది. ఒక్క ఉదాహరణ చెబుతాను. పాత పరికరాలలో ఫ్లాష్ దీపంతో స్ఫటికానికి శక్తి అందించేవారు. ఆ దీపం చాలా విద్యుత్తును వేడిగా వృథా చేస్తుంది కాబట్టి దాని స్థానంలో 808 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం (కాంతి రంగును నిర్ణయించే కొలత) ఉన్న లేజర్ డయోడు వచ్చింది. పరికరం చిన్నదైంది, బ్యాటరీ ఎక్కువసేపు వచ్చింది. కానీ డయోడు తరంగదైర్ఘ్యం ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే సుమారు 0.3 నానోమీటర్లు జరుగుతుంది. సియాచిన్ చలికీ రాజస్థాన్ ఎండకీ మధ్య 60 డిగ్రీల తేడా ఉందనుకుంటే 18 నానోమీటర్లు జరిగిపోతుంది. స్ఫటికం బాగా పీల్చుకునే తరంగదైర్ఘ్యాల పట్టీ వెడల్పేమో కొద్ది నానోమీటర్లే. డయోడును ఒకే ఉష్ణోగ్రత దగ్గర ఉంచడానికి శీతలకం పెడితే అది బ్యాటరీని తింటుంది, పెట్టకపోతే లేజర్ మూగబోతుంది. ఈ ముడిని విప్పడానికి కాంతిశాస్త్రం తెలిసినవారు, ఉష్ణ ప్రసరణ లెక్కలు వేసే మెకానికల్ ఇంజనీరు, సర్క్యూటు గీసేవారు ఒకే బల్ల దగ్గర కూర్చోవలసిందే.

కాంతి విచ్చుకోవడం మరో చిక్కు. కిరణం ఒక మిల్లీరేడియను (డిగ్రీలో సుమారు పదిహేడో వంతు) కోణంలో విచ్చుకుంటే 5 కిలోమీటర్ల దగ్గర అది 5 మీటర్ల వెడల్పు అవుతుంది. ట్యాంకు వెడల్పు అంతకంటే తక్కువ కాబట్టి చాలా కాంతి పక్కనుంచి పోయి వృథా అవుతుంది. కిరణాన్ని ఐదింతలు వెడల్పు చేసే దూరదర్శిని ముందు పెడితే ఆ విచ్చుకోవడం ఐదోవంతుకు తగ్గుతుంది, కానీ లెన్సు పెద్దదవుతుంది, బరువు పెరుగుతుంది. చిన్నదిగా చేయాలనే కోరికకు ప్రకృతి పెట్టిన హద్దు ఇది. దానిని మాయం చేయలేం, దానితో బేరమాడడమే ఇంజనీరు పని.

మన ప్రాంతం వారికి తేలికగా అర్థమయ్యే సమస్య ఇంకొకటి ఉంది. గోదావరి మండలాల తేమకు, సముద్రపు గాలికి కెమెరా లెన్సులపై బూజు పట్టడం, స్క్రూలు తుప్పు పట్టడం మీరు చూసే ఉంటారు. సైనిక పరికరాన్ని గాలి చొరబడకుండా మూసి, లోపల పొడి నైట్రోజన్ నింపుతారు. ఆ తరువాత జేఎస్ఎస్ 55555 అనే సైనిక ప్రమాణం ప్రకారం వేడి, చలి, తేమ, ఉప్పు, బూజు, కుదుపు, కింద పడడం అన్నిటికీ పరీక్షిస్తారు. ప్రయోగశాల బల్లమీద చక్కగా పనిచేసిన నమూనా ఆ పరీక్షలన్నీ తట్టుకునే పరికరంగా మారడానికి ఏళ్ళు పడుతుంది. మీ అమ్మాయికి తెలివి ఉందని ఆమె ప్రశ్నే చెబుతోంది. ఓపిక కూడా ఉందా అన్నది మీరు ఇంట్లో గమనించవలసిన విషయం.

ఇక చదువు. డిగ్రీ స్థాయిలోనే లేజర్ పేరున్న కోర్సు కోసం వెతకకండి. గట్టి భౌతికశాస్త్రం, చేతి నైపుణ్యం ఉన్న ఎలక్ట్రానిక్స్, ఈ రెండూ కలిసిన దారి వెతకండి. జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో మంచి ర్యాంకు వస్తే ఐఐటీలలోనూ, తిరువనంతపురంలోని అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీలోనూ ఉన్న ఇంజనీరింగ్ ఫిజిక్స్ ఈ అమ్మాయికి అతికినట్టు సరిపోతుంది. జేఈఈ మెయిన్‌తో మీకు దగ్గరలోనే తాడేపల్లిగూడెం ఎన్ఐటీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్ ఇంజనీరింగ్), ఈఏపీసెట్‌తో కాకినాడ జేఎన్‌టీయూలో ఈసీఈ మంచివే. ఇంజనీరింగు వద్దు, సైన్సే చదువుతానంటే కొచ్చిన్ విశ్వవిద్యాలయంలో ఫోటోనిక్స్‌లో (కాంతి సాంకేతికతలో) ఐదేళ్ళ ఎమ్మెస్సీ ఉంది. బీటెక్ తరువాత ఐఐటీ ఢిల్లీలో ఆప్టిక్స్ ఎంటెక్, పుణెలోని రక్షణ సాంకేతిక విద్యాసంస్థ డీఐఏటీలో లేజర్ సంబంధమైన ఎంటెక్, పరిశోధన చేయాలంటే ఇండోర్‌లోని లేజర్ పరిశోధన కేంద్రం ఆర్ఆర్‌క్యాట్, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. అసలు లేజర్ చదువు అక్కడ మొదలవుతుంది.

కంప్యూటర్ సైన్సు చదివినా ఈ రంగంలో పని దొరకదని అనను. గుర్తింపు, గురి పట్టడం వంటి సాఫ్ట్‌వేరు అవసరం ఉంటుంది. కానీ మీటరు విప్పి చూసే అమ్మాయిని కేవలం బంధువుల మాట మీద అందులో వేస్తే ఆమె చేతులకు పని ఉండదు. భీమవరం దగ్గర మోగల్లులో పుట్టి, ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ స్థాపకుడైన ఏ.ఎస్. రావు గారు మొదట సైన్సు, తరువాత స్టాన్‌ఫర్డ్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివారు. మీ బంధువులతో మాట్లాడేటప్పుడు ఈ ఉదాహరణ చెప్పండి.

ఉద్యోగం సంగతి. డీఆర్‌డీవోలో సైంటిస్ట్ బి పోస్టుకు గేట్ స్కోరు, ఆపై ఇంటర్వ్యూ ప్రధానం. మొదటి తరగతి బీటెక్ ఉన్నవారితోపాటు ఫిజిక్స్ ఎమ్మెస్సీవారికి కూడా అవకాశం ఉంటుంది. మూల వేతనం 56,100 రూపాయలతో మొదలై, దానిపై భత్యాలు వస్తాయి. సాఫ్ట్‌వేరులో పెద్ద కంపెనీలు ఇచ్చే జీతంతో పోల్చి బాధపడేవారు ఈ వైపు రాకపోవడమే మంచిది. సొంతంగా కంపెనీ పెట్టాలనుకుంటే రక్షణ శాఖ 2018లో మొదలుపెట్టిన ఐడెక్స్ పథకం కింద, సైన్యం ఇచ్చిన సమస్యకు పరిష్కారం చూపే అంకుర సంస్థకు సాధారణంగా కోటిన్నర రూపాయల దాకా సాయం అందుతుంది. అయితే ప్రభుత్వ ప్రయోగశాలలో పనిచేస్తే ఆవిష్కరణపై హక్కు సంస్థది. రక్షణకు సంబంధించినదని భావిస్తే దానిని బయటపెట్టకుండా ఆపే అధికారం 1970 నాటి పేటెంట్ల చట్టం ప్రభుత్వానికి ఇస్తుంది. పేరు పత్రికల్లో రావాలనే ఆశ ఉంటే అది తీరకపోవచ్చునని అమ్మాయికి ఇప్పుడే చెప్పండి.

ఆడపిల్లకు అనువైనదా అని అడిగారు. లేజర్ స్పందనలను విపరీతంగా బలపరిచే పద్ధతిని 1985లో తన పీహెచ్‌డీ రోజుల్లో గురువుతో కలిసి కనిపెట్టిన డోనా స్ట్రిక్‌ల్యాండ్‌కు 2018లో నోబెల్ బహుమతి వచ్చింది. మన ప్రయోగశాలల్లోనూ మహిళా శాస్త్రవేత్తలు ఉన్నారు. పరీక్షా క్షేత్రాలకు ప్రయాణాలు, ఎండలో రోజులు గడపడం ఉంటాయి. అవి అబ్బాయిలకైనా ఉండేవే.

ఒక్క విషయంలో మాత్రం మీరు కఠినంగా ఉండండి. ఆన్‌లైన్లో చౌకగా దొరికే ఆకుపచ్చ లేజర్ పాయింటర్లు, లోహాన్ని కోసే లేజర్ మాడ్యూళ్ళు ఇంట్లోకి రానివ్వకండి. ఆకుపచ్చ పాయింటరులో 808 నానోమీటర్ల డయోడు ఒక స్ఫటికానికి శక్తినిస్తే, అందులోనుంచి వచ్చిన 1064 నానోమీటర్ల పరారుణ కాంతి మరో స్ఫటికంలో ఆకుపచ్చగా మారుతుంది. లోపల వడపోత సరిగా లేకపోతే కంటికి కనబడని ఆ పరారుణ కాంతి కూడా బయటకు వస్తుంది. 400 నుంచి 1400 నానోమీటర్ల దాకా కాంతిని కన్ను సూదిమొనంత చోట రెటీనాపై కేంద్రీకరిస్తుంది. కనబడని కాంతికి రెప్ప కూడా పడదు. అక్కడ కలిగిన గాయం మానదు. ఇందుకే చాలా సైనిక రేంజ్ ఫైండర్లను ఇప్పుడు 1500 నానోమీటర్ల ప్రాంతానికి మార్చారు. ఆ కాంతిని కంటి ముందుభాగమే పీల్చేసుకుంటుంది కాబట్టి రెటీనాకు చేరదు. శాశ్వతంగా అంధత్వం కలిగించడానికే చేసిన లేజర్ ఆయుధాలను 1995 నాటి అంతర్జాతీయ ఒప్పందం నిషేధించింది, మన దేశం అందులో ఉంది. సైన్యానికి పరికరాలు చేయాలనుకునే అమ్మాయికి ఈ హద్దు మొదటి రోజునుంచే తెలియాలి.

ఒక మిల్లీవాటు లోపు ఎర్ర పాయింటరుతో చేయదగిన పనులు చాలానే ఉన్నాయి. పాయింటరును ఒక స్టాండుకు బిగించి, కాంతికి అడ్డంగా ఒక్క తలవెంట్రుక నిలబెట్టి, 3 మీటర్ల దూరంలో గోడపై పడే వెలుగు పట్టీని కొలవమనండి. 650 నానోమీటర్ల కాంతికి మధ్య పట్టీ సుమారు 5.5 సెంటీమీటర్లు వస్తే వెంట్రుక మందం 70 మైక్రోమీటర్లని లెక్క తేలుతుంది. రెండో సంవత్సరం ఫిజిక్స్‌లోని తరంగ దృశాశాస్త్రం పాఠమే ఇది. ఇంటర్ పరీక్షలు అయ్యాక కాంతిని విద్యుత్తుగా మార్చే ఒక ఫోటోడయోడు కొనిచ్చి, కాంతిమీద పాటను ఒక గదినుంచి మరో గదికి పంపే సర్క్యూటు చేయమనండి. అంతకుముందు మాత్రం వద్దు, ర్యాంకు ముఖ్యం.

వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు, పేరున్న కాలేజీలో ఇష్టంలేని బ్రాంచి కంటే, మంచి ప్రయోగశాల ఉన్న కాలేజీలో ఈసీఈని ముందు పెట్టండి. చేరబోయే ముందు ఒకసారి అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్ళి, అక్కడి ఎలక్ట్రానిక్స్ ల్యాబులో విద్యుత్ సంకేతాలను తెరపై చూపే ఆసిల్లోస్కోపులు ఎన్ని పనిచేస్తున్నాయో, సాయంత్రం తరగతులయ్యాక విద్యార్థులను లోపలికి రానిస్తారో లేదో అక్కడి విద్యార్థులనే అడిగి తెలుసుకోండి.