కౌంటీ లెక్కల్లో తల్లీ బిడ్డా

అమ్మడూ,

అమెరికాలో కౌంటీ (మన జిల్లా లాంటిది) హెల్త్ డిపార్ట్‌మెంట్‌లో చేరావనీ, చేరిన రెండో వారమే తల్లీబిడ్డల ఆరోగ్య నివేదిక నీకు అప్పజెప్పారనీ మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమేసింది. ముప్పై ఏళ్ళు స్టేట్ ఆఫీసులో కూర్చుని నేను చేసిన పని ఇదే. నీ మెసేజ్‌లో ఒక్క ప్రశ్నే ఉంది: "పెద్దమ్మా, ఏయే సూచికలు పెట్టాలి?" ఆ జాబితా మీ స్టేట్ వాళ్ళే పంపుతారు. శిశుమరణాలు, మాతృమరణాలు, నెలలు నిండని కాన్పులు, తక్కువ బరువుతో పుట్టినవాళ్ళు, మొదటి మూడు నెలల్లో డాక్టరుకు చూపించుకున్నవాళ్ళు, తల్లిపాలు, సిగరెట్లు. ఎక్కడైనా అవే. కాకపోతే దేశానికో స్టేట్‌కో పనికొచ్చే అంకె కౌంటీ దగ్గరికి వచ్చేసరికి మనల్ని ఎలా తప్పుదారి పట్టిస్తుందో ఎవరూ రాసివ్వరు. నేను రాస్తాను.

మా చిన్నప్పుడు ఊళ్ళో వీధికో పెంటయ్యో పుల్లమ్మో ఉండేవారు. పుట్టిన పిల్లలు దక్కకుండా పోతుంటే, ఆ తర్వాత పుట్టినవాణ్ణి చేటలో పెట్టి పెంటకుప్ప మీద ఓసారి పడుకోబెట్టి తెచ్చుకునేవారు. ఎంగిలి విస్తట్లో దొర్లించి పుల్లయ్య అని పిలుచుకునేవారు. అలాంటి పేరు ఎవరైనా ఎత్తితే చాలు, ఆ తల్లి అంతకుముందు ఎంతమందిని పోగొట్టుకుందో మా నాయనమ్మ వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పేది. 1971లో మన దేశంలో వెయ్యి మంది పుడితే 129 మంది ఏడాది నిండకుండానే పోయారని కాలేజీలో చదివినప్పుడు నాకు ఆ పేర్లే గుర్తొచ్చాయి.

అమెరికా కూడా ఆ దారినే వచ్చింది. 1912లో చిల్డ్రన్స్ బ్యూరో ఏర్పడింది. దానికి పెద్ద జూలియా లాథ్రాప్. వాళ్ళు మొట్టమొదట శిశుమరణాల మీద చేసిన అధ్యయనం పెన్సిల్వేనియాలో జాన్స్‌టౌన్ అనే ఉక్కు కార్ఖానాల ఊళ్ళో. 1911లో అక్కడ పుట్టిన పిల్లల ఇళ్ళకు ఆడవాళ్ళే వెళ్ళి, తల్లుల పక్కన కూర్చుని వివరాలు రాసుకున్నారు. వెయ్యికి 134 మంది పోయారని తేలింది. తండ్రి సంపాదన పెరిగేకొద్దీ ఆ అంకె తగ్గుతూ వచ్చింది. 2022లో అమెరికా మొత్తానికి అది 5.6. జాన్స్‌టౌన్ వాళ్ళు గడప గడపా తిరిగి తెచ్చిన లెక్క నీకు కంప్యూటర్ ఫైలుగా వస్తుంది. అందుకని ఆ గడపలు లేవని అనుకోకు.

ఇక పనిలోకి వద్దాం. ఫైలు రాగానే ఎవరి లెక్క ఎక్కడ పడుతోందో చూడు. మనవైపు మొదటి కాన్పు పుట్టింట్లో కదా. అత్తవారిది ఖమ్మం, పుట్టిల్లు గుంటూరు అయితే బిడ్డ పుట్టుక గుంటూరులో నమోదవుతుంది. అమెరికాలో కౌంటీ రేట్లు తల్లి ఎక్కడ కాపురం ఉంటోందో ఆ ఊరి ఖాతాలో వేస్తారు. మీ కౌంటీలో పురిటి వార్డు లేకపోయినా, బిడ్డ వంద మైళ్ళ అవతల పిల్లల ఐసీయూలో పుట్టి అక్కడే పోయినా, లెక్క మీదే. ఆస్పత్రి ఉన్న కౌంటీ వాళ్ళు తమ ఆస్పత్రి లెక్క, నివాసం లెక్క కలిపేసి కంగారుపడటం చాలాసార్లు చూశాను. సరిహద్దు దాటి పక్క స్టేట్‌లో కాన్పు అయితే ఆ కాగితం మీ స్టేట్‌కి చేరడానికి సమయం పడుతుంది. ఫైలు మీద 'ఫైనల్' అని ఉంటే తప్ప రేటు బయటికి చెప్పకు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట. మీ కౌంటీలో ఏడాదికి 800 కాన్పులు అవుతాయనుకో. నలుగురు పసివాళ్ళు పోయారు. రేటు వెయ్యికి 5. దేశం కంటే నయం అనిపిస్తుంది. కానీ నాలుగు అనే అంకె చుట్టూ 95 శాతం హద్దులు (అసలు రేటు ఎంత నుంచి ఎంత మధ్య ఉండొచ్చో చెప్పేవి) గీస్తే ఆ రేటు 1.4 నుంచి 12.8 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. అంటే దేశంలోకెల్లా మంచి చోటైనా కావచ్చు, ఘోరమైన చోటైనా కావచ్చు. ఒక్క ఏడాది లెక్క ఏదీ తేల్చలేదు. సున్నా వచ్చిందని కూడా మురిసిపోకు. 600 కాన్పుల్లో ఒక్క మరణమూ లేకపోతే, పై హద్దు కోసం 3ని 600తో భాగించి చూడు, సున్నా వచ్చినప్పుడు వాడే సులువు సూత్రం అది. అసలు రేటు వెయ్యికి 5 దాకా ఉన్నా అలా సున్నా రావచ్చు.

ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు. చేరిన కొత్తలో ఒక్క ఏడాది మరణాలతో కౌంటీలన్నిటినీ వరసలో పెట్టి పట్టిక తయారుచేశాను, అది బయటికి వెళ్ళింది. అట్టడుగున వచ్చిన కౌంటీ పేరు అక్కడి పత్రికలో మొదటి పేజీకి ఎక్కింది. ఆ ఊరి నుంచి ఒక నర్సమ్మ ఫోన్ చేసింది. కోప్పడలేదు. ఆ ఏడాది పోయినవాళ్ళలో ఇద్దరు కవలలని, ఇంకో బిడ్డకు పుట్టుకతోనే గుండె లోపమని, ఆ తల్లులిద్దరూ తనకు వారానికోసారి కిరాణా దుకాణంలో ఎదురవుతారని చెప్పింది. "ఇప్పుడు ఊరంతా వాళ్ళను చూసే చూపు మారింది" అంది. మరుసటి ఏడాది అదే కౌంటీ పట్టికలో పైవరసకు వచ్చింది. ఈ రెండేళ్ళ మధ్య అక్కడ ఆస్పత్రీ మారలేదు, డాక్టరూ మారలేదు. ఆ తప్పు నాదే. ఇప్పటికీ ఆ గొంతు గుర్తుంది.

అందుకని మూడేళ్ళవి, వీలైతే ఐదేళ్ళవి కలిపి లెక్క కట్టు. రేటు పక్కన హద్దులు, ఆ పక్కన అసలు మరణాల సంఖ్య కూడా పెట్టు. కౌంటీలను ఒకదాని కింద ఒకటి ర్యాంకులుగా పేర్చమంటే మర్యాదగా కుదరదని చెప్పు. 20 కంటే తక్కువ సంఘటనల మీద కట్టిన రేటు నమ్మదగింది కాదని కేంద్ర ఆరోగ్య గణాంక సంస్థ వాళ్ళే గుర్తు పెడతారు. సీడీసీ (కేంద్ర వ్యాధి నియంత్రణ సంస్థ) వాళ్ళ బహిరంగ డేటాలో 10 లోపు అంకెలు దాచేస్తారు, లక్ష జనాభా లేని కౌంటీల పుట్టుకలను విడిగా చూపించరు. దాచడం వెనక కారణం ఉంది. చిన్న ఊళ్ళో తల్లి వయసు, జాతి, నెల మూడూ ఒకే వరసలో పెడితే ఆమె ఎవరో పక్కింటివాళ్ళకు తెలిసిపోతుంది. నీ దగ్గర పూర్తి ఫైలు ఉంటుంది కనుక ఆ జాగ్రత్త నీ మీద ఉంది.

మాతృమరణాల దగ్గర ఈ చిక్కు ఇంకా పెద్దది. అది లక్ష కాన్పులకు కట్టే రేటు. 2021లో దేశంలో 32.9, 2022లో 22.3, 2023లో 18.6. ఈ చివరి రేటు ప్రకారం ఏడాదికి వెయ్యి కాన్పులయ్యే కౌంటీలో ఐదారేళ్ళకు ఒక తల్లి పోతుంది. ఒక్కరి మీద రేటేమిటి? కట్టకు. ఆ ఒక్క మరణాన్నీ ఒక కథగా చివరికంటా చదవాలి. అంతకంటే ముందు అది నిజంగా మాతృమరణమో కాదో చూడాలి. 2003లో మార్చిన డెత్ సర్టిఫికెట్‌లో గర్భవతా, ఈమధ్య కాన్పయిందా అని టిక్కు పెట్టే గడి వచ్చింది. ఒక్కో స్టేట్ ఒక్కో ఏడాది దాన్ని అమల్లో పెట్టడంతో దేశం రేటు పెరిగినట్టు కనపడింది. 2007 తర్వాత 2018 లెక్క వచ్చేదాకా అధికారిక రేటే ప్రకటించలేదు. ఆ గడిలో పొరపాటు టిక్కులూ పడ్డాయి, కాన్పు వయసు ఎప్పుడో దాటినవాళ్ళకు కూడా. అందుకని ఆ తల్లి పేరుతో బర్త్ సర్టిఫికెట్ గానీ, కడుపులో బిడ్డ పోయిన కాగితం గానీ ఉందేమో జత చేసి చూడు.

42 రోజుల లోపు పోతేనే మాతృమరణం అన్నది ప్రపంచమంతా వాడే నిర్వచనం. మనం మూడు నెలలదాకా బాలింత అంటాం, ఐదో నెల వచ్చినా గాలికి తిరగనివ్వం. పెద్దవాళ్ళ ఆ పట్టుదలలో పథ్యాల సంగతి ఎలా ఉన్నా, ఆమెను ఒంటరిగా వదలకూడదన్న తెలివి ఉంది. 2017 నుంచి 2019 వరకు 36 స్టేట్లలో మాతృమరణ సమీక్షా కమిటీలు చూసిన గర్భ సంబంధ మరణాల్లో సగానికి పైగా కాన్పయిన వారం తర్వాత నుంచి ఏడాది లోపల జరిగినవే. వాటిలో ఎనభై శాతానికి మించి ఆపగలిగినవని ఆ కమిటీలు తేల్చాయి. మానసిక బాధలు, మత్తుమందులు కలిపి చూస్తే కారణాల్లో అవే ముందున్నాయి. మీ నివేదికలో 42 రోజుల దగ్గర గీత గీసి ఆపేస్తే వీళ్ళలో చాలామంది కనపడరు. ఏడాది దాకా చూడు. మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) కార్డు కాన్పయిన ఏడాది వరకు పొడిగించుకునే వీలు 2022 ఏప్రిల్ నుంచి స్టేట్లకు వచ్చింది. మీ కౌంటీలో ఆ కార్డు నిజంగా ఎంతమంది చేతిలో ఉందో కనుక్కో.

మరణాలు తక్కువైన చోట ప్రాణాపాయం దాకా వెళ్ళి బతికిన తల్లుల లెక్క తీయాలి. రక్తస్రావం, ఫిట్స్, ఐసీయూ, గర్భసంచి తీసేయాల్సి రావడం. ఆస్పత్రి డిశ్చార్జి రికార్డుల్లో దొరుకుతుంది. కాలిఫోర్నియాలో 2006లో మొదలైన తల్లుల వైద్య నాణ్యత సంఘం, రక్తస్రావం అయినప్పుడు ఏ నిమిషంలో ఏం చేయాలో, వార్డులో మందుల తోపుడుబండి మీద ఏమేమి సిద్ధంగా ఉండాలో ఆస్పత్రులకు నేర్పింది. 2013 నాటికి అక్కడ మాతృమరణాలు సగానికి పైగా తగ్గాయి. ఆ పని గురించి నీకు వీలైనప్పుడు తీరిగ్గా చదువు.

పసివాళ్ళ మరణాలను ఒకే రేటుగా చూడకుండా, బరువు, పోయిన వయసు అనే రెండు గీతలతో నాలుగు గళ్ళుగా విడదీసే పద్ధతి ఒకటి ఉంది. కేజిన్నర లోపు బరువున్నవాళ్ళంతా ఒక గడి. వాళ్ళు ఎక్కువైతే తల్లి గర్భానికి ముందు ఎలా ఉందో చూడాలి: బీపీ, షుగరు, పళ్ళు, తిండి, మనశ్శాంతి. కేజిన్నర దాటీ కడుపులోనే పోతే గర్భిణిగా ఉన్నప్పటి వైద్యం. పుట్టిన 28 రోజుల లోపు పోతే ఆస్పత్రి. ఆ తర్వాత పోతే ఇల్లు, పడక, జ్వరాలు. దీనికి ఐదేళ్ళవి కలిపి కనీసం 60 మరణాలైనా ఉండాలంటారు. మీకు లేకపోతే పక్క రెండు మూడు కౌంటీలతో కలిసి చేయండి.

నాలుగో గడి దగ్గర ఒక హెచ్చరిక. 1994లో బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టమని దేశమంతా ప్రచారం చేశాక, నిద్రలో చనిపోయే పసివాళ్ళు బాగా తగ్గారు. ఆ తర్వాత తగ్గిన దాంట్లో కొంత మాత్రం పేరు మారడమే. అలాంటి మరణాన్ని ఒక కరోనర్ (మరణ కారణం తేల్చే అధికారి) 'సిడ్స్', అంటే పసిబిడ్డ హఠాన్మరణం అని రాస్తే, ఇంకొకరు 'కారణం తెలియదు' అనీ, మరొకరు 'పక్క మీద ఊపిరాడక' అనీ రాస్తారు. మూడు కోడ్‌లూ కలిపే లెక్కపెట్టు. మీ కరోనర్‌ని ఒకసారి కలిసి, ఆయన ఏ మాట ఎప్పుడు వాడతారో అడుగు.

జాతి గడుల విషయం. 2022లో నల్లజాతి తల్లుల బిడ్డల మరణాలు వెయ్యికి 10.9, తెల్లవాళ్ళవి 4.5. ఈ తేడాను పట్టికలో చూపించి, కారణం రాయకుండా వదిలేస్తే చదివేవాళ్ళు జాతే కారణమనుకుంటారు. క్లినిక్ ఎంత దూరం, నొప్పి అంటే ఎవరు విన్నారు, ఎవరు వినలేదు, ఇవన్నీ ఆ అంకెల పక్కనే రాయి. ఏషియన్ గడి 3.5తో అన్నిటికన్నా తక్కువ. చూసి మనవాళ్ళకు ఏ ఇబ్బందీ లేదనుకోకు. భారతీయ తల్లులకు చదువూ ఆదాయమూ ఉన్నా బిడ్డలు తక్కువ బరువుతో పుట్టడం, గర్భంలో షుగరు రావడం ఎక్కువ. 2003 బర్త్ సర్టిఫికెట్‌లో 'ఏషియన్ ఇండియన్' అని విడిగా గడి ఉంది. సంఖ్య సరిపోతే విడదీసి చూడు. పురుటికి గుంటూరు నుంచో నల్లగొండ నుంచో వచ్చిన అమ్మ ఆరు నెలలకు తిరిగి వెళ్ళిపోయాక, మంచు కురిసే ఊళ్ళో ఆ పిల్ల పసిబిడ్డతో ఒక్కతే ఎలా ఉంటుందో ఏ గడిలోనూ కనపడదు. నువ్వు తెలుగు మాట్లాడతావు కదా, అడుగు.

మొదటి మూడు నెలల్లో డాక్టరుకు చూపించుకోనివాళ్ళ శాతం చూసి 'అవగాహన లేదు' అని రాసేయకు. ఆ మాట నాకు అసలు నచ్చదు. దేశంలో మూడో వంతుకు పైగా కౌంటీల్లో కాన్పు చేసే ఆస్పత్రీ లేదు, చేసేవాళ్ళూ లేరు. కార్డు రావడానికి ఎన్నివారాలు పట్టింది, కారు ఎవరి దగ్గరుంది, గంట సెలవు పెడితే జీతం కోస్తారా, ఈ మూడూ అడిగితే సగం జవాబు దొరుకుతుంది.

మీ కౌంటీలో పసివాళ్ళ మరణాల సమీక్షా బృందం ఉంటే అందులో చేరు. 1990 ప్రాంతం నుంచి చాలాచోట్ల నడుస్తోంది. పేర్లు తీసేసి ఒక్కో మరణాన్నీ మొదటి నుంచి చదువుతారు. తల్లి ఒప్పుకుంటే ఇంటికి వెళ్ళి ఆమె మాటల్లోనే వింటారు. మొదటిసారి విన్న రోజు నువ్వు అన్నం తినలేవు. ఆ రోజు ఎవరితోనైనా మాట్లాడు. నాతో మాట్లాడినా సరే.

ఐదేళ్ళ ఫైలు అందగానే రేట్లు కట్టే ముందు, మొత్తం ఎంతమంది పుట్టారో, ఎంతమంది పోయారో ఆ రెండు అంకెలే ఒక తెల్లకాగితం మీద రాసి నాకు ఫోన్ చెయ్యి. ఆదివారం పొద్దున ఇంట్లోనే ఉంటాను. మీ ఊరికి దగ్గర్లో పురిటి వార్డు ఎంత దూరమో, మ్యాప్‌లో చూడకుండా ఒకసారి నువ్వే కారు నడుపుకుంటూ వెళ్ళి రా. ఎంతసేపు పట్టిందో కూడా చెప్పు.

ప్రేమతో,
పెద్దమ్మ