ముందు వెనక్కి తిప్పి చూడు, సుధా

చిరంజీవి సుధకు పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు కొంటానంటున్న పాత పువ్వుల బొమ్మ ఫోటో నిన్న రాత్రి నాలుగుసార్లు చూశాను. ఎర్ర చారల తులిప్ పువ్వు, పక్కన సీతాకోకచిలుక. బాగుంది. బాగుంది కాబట్టే ఉత్తరం రాస్తున్నాను. ఫోన్లో అయితే నా మాట పూర్తికాకుండానే కొనేస్తావు.

లండన్‌లో ముప్పై ఏళ్లు ఫ్రేములు కట్టి బతికాను కదా. వచ్చినవాళ్లంతా బొమ్మను ముందు నుంచి చూసుకుని మురిసేవాళ్లు. వెనక అట్ట ఊడదీసేది నేను. నాకు తెలిసిందంతా ఆ వెనకవైపు చూసి నేర్చుకున్నదే.

షాపాయన చీటీ మీద ‘ఎకోల్ ద నికొలా రొబేర్, 17వ శతాబ్దం, వెలాన్’ అని రాశాడన్నావు. ఆ మాటల అర్థం కింద చెబుతాను. ఫ్రెంచి పువ్వుల చిత్రకారుడు రొబేర్ (1614–1685) పేరు వినగానే సేకరించేవాళ్లకి నోరూరడంలో వింతేమీ లేదు. 1641లో జూలీ దాంజెన్ అనే అమ్మాయికి కానుకగా ఒక కవితల పుస్తకం తయారైంది, అందులో పువ్వులు ఇతను వేసినవే. తర్వాత ఫ్రాన్స్ రాజు 13వ లూయీ తమ్ముడు గాస్తోన్ బ్లువా ఊళ్లోని తన తోటలో మొక్కలను ఇతని చేత గీయించాడు. 1660లో గాస్తోన్ పోయాక ఆ పటాలు 14వ లూయీకి చేరాయి. తర్వాతి చిత్రకారులు వేసినవీ కలిసి ఇప్పుడు దాదాపు 7000, మీ పారిస్ ప్రకృతి చరిత్ర మ్యూజియంలో ఉన్నాయి.

అవన్నీ వెలాన్ మీద వేసినవి, అంటే పదును చేసిన దూడతోలు మీద. తోలు కాగితంలా రంగును పీల్చుకోదు. సన్నని కుంచెతో చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ పోవచ్చు, రంగు పైనే నిలుస్తుంది. పైగా ఇలాంటి బొమ్మలు చాలావరకు పుస్తకాల్లో, అట్టల మధ్య చీకట్లో ఉండిపోయాయి. మీ నాయనమ్మ పట్టుచీర ట్రంకు పెట్టె అడుగున ఉండబట్టి రంగు పోలేదు చూడు, అలాగన్నమాట. మూడు వందల ఏళ్ల నాటి ఎరుపు నిన్న వేసినట్టు కనబడితే ఎవరికైనా మనసు లాగుతుంది. ఒళ్లో పెట్టుకుని చూసుకోవచ్చు, దాచడానికి ఒక సొరుగు చాలు. నూనెరంగుల పటంతో ఆ సుఖం లేదు.

ఇంకో ఆశ కూడా ఉంది, అది ప్రమాదం. 1856లో లండన్ మ్యూజియం ఒకటి, ఇప్పటి విక్టోరియా అండ్ ఆల్బర్ట్, పాత ఆల్బమ్ ఒకదాన్ని కొంది. దేనికనుకున్నావు? పైనున్న తోలు బైండింగు కోసం! లోపలి పువ్వులూ పళ్లూ జాక్ ల మ్వాన్ వేసినవని 1922లో గానీ గుర్తించలేదు. 1564లో ఫ్లోరిడా వెళ్లి, స్పెయిన్‌వాళ్ల దాడి నుంచి ప్రాణాలతో బయటపడి, చివరికి లండన్‌లో స్థిరపడ్డ ఫ్రెంచివాడు ఆయన. ఇలాంటి కథ ఒకటి విన్నామంటే చాలు, మన చేతిలో ఉన్న ప్రతి పాత బొమ్మా అలాంటిదే అనిపిస్తుంది.

నాకూ అనిపించింది. ఒకసారి పారిస్‌లో ఒక ఐరిస్ పువ్వు కొన్నాను. చీటీ మీద ‘వెలాన్’ అని చూసి పొంగిపోయాను. ఇంటికొచ్చి ఫ్రేము విప్పితే నున్నటి కాగితం. ఫ్రెంచిలో ‘వెలాన్’ అంటే తోలు, ‘పాపియె వెలాన్’ అంటే తోలులా నున్నగా ఉండే కాగితం. ఆ కాగితం ఫ్రాన్స్‌లో 1780 ప్రాంతం నుంచే తయారైంది. అంతకు ముందుదైతే వెలుగుకి ఎత్తి పట్టుకున్నప్పుడు సన్నని గీతలు వరసగా కనిపించాలి. నెల సంపాదన పోయింది. మీ పెద్దమ్మ ఆ ఐరిస్‌ని వంటింట్లో తగిలించింది. పోపు పొగకి కూడా చెక్కుచెదరకుండా ఇప్పటికీ అక్కడే ఉంది.

అందుకని ఫ్రేము విప్పమను. విప్పనంటే దండం పెట్టి వచ్చెయ్. విప్పితే టార్చిలైటు పక్కనుంచి వేసి చూడు. తోలయితే ఒక వైపు రోమాలు మొలిచిన చోట చిన్న చిన్న చుక్కలుంటాయి, తేమకి కాస్త మెలి తిరిగి ఉంటుంది. భూతద్దం పెట్టి నీడల్లో చూడు. సమానమైన చుక్కలు బారులు తీరి ఉంటే అది అచ్చు బొమ్మ, పైన చేత్తో రంగు అద్దారంతే. తులిప్ అంచుల్లో తెలుపు ఉంది కదా, అతినీలలోహిత దీపం కింద అది పసుపుపచ్చగా మెరిసిందంటే జింక్ తెలుపు కావచ్చు. నీటిరంగుగా అది 1834లో బజారుకి వచ్చింది. ఎవరో తర్వాత చెయ్యి పెట్టారన్నమాట, లేదా మొత్తం బొమ్మే తర్వాతది.

మూలల్లో చిన్న ముద్ర కనిపిస్తే ఫోటో తీసుకో. పాత సేకర్తలు తమ పటాల మీద ముద్ర వేసుకునేవాళ్లు, వృత్తంలో ‘ఎం’ ఉంటే 18వ శతాబ్దపు పారిస్ సేకర్త మారియెత్‌ది. ఫ్రిట్స్ లుగ్త్ అనే డచ్ సేకర్త 1921లో ఆ ముద్రలన్నీ ఒకచోట చేర్చాడు. ఇప్పుడు పారిస్‌లోని ఫోందాసియోన్ కుస్తోదియా అనే సంస్థ వాటిని నెట్‌లో ఉచితంగా పెట్టింది. దొంగ ముద్రలూ ఉంటాయి, ముద్ర చూసి ఎగిరి గంతెయ్యకు.

చీటీ మాటల సంగతి. ఫ్రాన్స్‌లో 1981 మార్చి 3 నాటి ఉత్తర్వు ప్రకారం ఒక్కో మాటకి ఒక్కో అర్థం ఉంది. ‘అత్రిబ్యుయె ఆ’ అంటే ఆ చిత్రకారుడి కాలంలోనిదే, అతనిదేనని నమ్మడానికి గట్టి ఆధారాలున్నాయని. ‘ఎకోల్ ద’ పక్కన పేరుంటే శిష్యుడు వేసినట్టు, అదీ గురువు బతికుండగానో, పోయిన 50 ఏళ్లలోపో. ‘దాన్ ల గూ ద’ అంటే ఏ హామీ లేనట్టే. నీ చీటీ మీదున్నది రొబేర్ శిష్యుడు, అంటే 1735 దాటకూడదు. ‘17వ శతాబ్దం’ అని కూడా రాశాడు గనక ఆ గడువు ఇంకా వెనక్కి, 1700కి జరిగింది. ఈ రెండు మాటలూ, ‘తోలు’ అన్న మాటా బిల్లు మీద అలాగే రాసివ్వమను. రాయడానికి నసిగితే నీకు జవాబు దొరికినట్టే.

కొంటే మాత్రం మీ హాల్లో కిటికీ ఎదురుగా పెట్టకు. మ్యూజియాలే మూణ్ణెల్లు చూపించి చీకట్లోకి మార్చేస్తాయి.

శనివారం వెళ్తానన్నావుగా. ఈసారి ఫోటో వెనకవైపుది పంపు.

మీ పెదనాన్న