లాకెట్ 1360, ఫార్మర్ 1417: ఫుటీ రికార్డులను ఎలా చదవాలి?

మెల్‌బోర్న్, అడిలైడ్, పెర్త్ నగరాలకు కొత్తగా ఉద్యోగాలకు వచ్చిన మనవాళ్లు తరచూ అడిగే సందేహం ఒకటుంది. మార్చి నుంచి సెప్టెంబరు దాకా ఆఫీసులో ఎవరి నోట విన్నా ఆస్ట్రేలియా సొంత ఫుట్‌బాల్ అయిన ఫుటీ మాటే. ఆట నియమాలు చూడగా చూడగా కొంత పట్టుబడుతున్నాయి గానీ, సహోద్యోగులు అలవోకగా వల్లించే పాత లెక్కల్లో ఒకరు చెప్పినదానికీ మరొకరు చెప్పినదానికీ పొంతన కుదరడం లేదు, ఎవరిని నమ్మాలి? చాలాసార్లు ఇద్దరినీ నమ్మవచ్చు. ఈ ఆటలో ప్రతి రికార్డుకూ ఏ లీగులో, ఏ సంవత్సరం నుంచి, ఏ మ్యాచ్‌లు కలుపుకొని అనే హద్దులు ఉంటాయి. ఇక్కడ పుట్టి పెరిగినవారికి అవి చిన్నప్పటి నుంచీ తెలిసినవే కాబట్టి ఎవరూ పైకి చెప్పరు; మనం మాత్రం అడిగి తెలుసుకోవాలి.

ముందుగా స్కోరు రాసే పద్ధతి. జట్టు పేరు ఎదురుగా 7.27 (69) అని కనిపిస్తే దాన్ని దశాంశ సంఖ్యగా చదవకూడదు. మొదటిది గోల్స్ సంఖ్య, ఒక్కొక్కదానికి ఆరు పాయింట్లు. రెండోది బిహైండ్ల, అంటే గోల్‌కు కాస్త పక్కగా పోయిన బంతుల సంఖ్య, ఒక్కొక్కదానికి ఒక పాయింటు. కుండలీకరణంలో ఉన్నది మొత్తం. నాలుగు క్వార్టర్ల స్కోర్లను వరుసగా అచ్చు వేసినప్పుడు ప్రతి అంకెలోనూ అంతకు ముందు క్వార్టర్లవి కలిసే ఉంటాయి, మళ్లీ కూడకూడదు. పైన చెప్పిన 7.27 నిజంగా జరిగిన మ్యాచ్‌లోదే. 1948 గ్రాండ్ ఫైనల్లో, అంటే ఆ ఏటి కప్పును తేల్చే మ్యాచ్‌లో, ఎసెండన్ 7.27, మెల్‌బోర్న్ 10.9 చేశాయి. ఎసెండన్ ఏకంగా ముప్పై నాలుగుసార్లు స్కోరు చేసినా, పందొమ్మిదిసార్లే స్కోరు చేసిన ప్రత్యర్థితో 69–69 వద్ద సమానంగా ఆగిపోయింది. మళ్లీ ఆడించినప్పుడు కప్పు మెల్‌బోర్న్‌కు దక్కింది. గురి తప్పితే ఎంత మూల్యం చెల్లించాలో చెప్పడానికి ఇక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ ఈ మ్యాచ్‌నే ఎత్తుతారు. బిహైండ్లు ఫలితాన్ని తేల్చడం 1897లో విక్టోరియన్ ఫుట్‌బాల్ లీగు మొదలైనప్పటి నుంచే వచ్చింది కనుక, అంతకు ముందటి స్కోర్లను తర్వాతి వాటి పక్కన పెట్టి చూడటం కుదరదు.

ఇక అసలు చిక్కు లీగుల దగ్గర వస్తుంది. టెలివిజన్‌లో ‘ఆల్ టైమ్ రికార్డు’ అన్నప్పుడు అది దాదాపు ఎప్పుడూ 1897లో ఎనిమిది క్లబ్బులతో మొదలై, 1990లో ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగుగా పేరు మార్చుకున్న ఒకే ఒక్క పోటీకి చెందినది. 1982లో సౌత్ మెల్‌బోర్న్ క్లబ్బు సిడ్నీకి తరలిపోయేదాకా ఆ పోటీలోని క్లబ్బులన్నీ విక్టోరియా రాష్ట్రానివే. అదే కాలంలో దక్షిణ ఆస్ట్రేలియాకూ పశ్చిమ ఆస్ట్రేలియాకూ సొంత లీగులు, సొంత వీరులు, సొంత రికార్డు పుస్తకాలు ఉండేవి. అత్యధిక గోల్స్ ఎవరివని మెల్‌బోర్న్‌లో అడిగితే సెయింట్ కిల్డా, సిడ్నీ జట్లకు ఆడిన టోనీ లాకెట్ పేరు చెబుతారు: 281 మ్యాచ్‌లు, 1360 గోల్స్. కాలింగ్‌వుడ్ ఆటగాడు గోర్డన్ కొవెంట్రీ 1299 గోల్స్‌తో 1937లో ఆట విరమించాక, ఆ అంకెను దాటడానికి 1999లో లాకెట్ రావలసి వచ్చింది. అదే ప్రశ్న అడిలైడ్‌లో కాస్త వయసు మళ్లిన వ్యక్తిని అడిగి చూడండి. నార్త్ అడిలైడ్ తరఫున 224 మ్యాచ్‌లలో 1417 గోల్స్ కొట్టిన కెన్ ఫార్మర్ పేరు వినిపిస్తుంది.

రంజీ పరుగులను టెస్టు పరుగుల్లో కలపం కదా అని మనకు వెంటనే తడుతుంది గానీ, ఆ పోలిక ఇక్కడ అతకదు. రంజీ టెస్టు క్రికెట్‌కు కింది మెట్టు. ఫార్మర్ ఆడిన రోజుల్లో అడిలైడ్ లీగు మెల్‌బోర్న్ లీగుకు కింద లేదు, పక్కన ఉండేది. అందువల్ల 1360ని ‘ఆ లీగు రికార్డు’ అనడమే నాకు న్యాయంగా తోస్తుంది, మెల్‌బోర్న్ మిత్రులు ఒప్పుకోకపోయినా సరే. పోర్ట్ అడిలైడ్ అభిమానుల ఆవేదనా ఇలాంటిదే. 1997లో జాతీయ పోటీలోకి వచ్చాక ఆ క్లబ్బు గెలిచిన ప్రీమియర్‌షిప్ 2004 నాటిది ఒక్కటే. దక్షిణ ఆస్ట్రేలియా లీగులో గెలిచినవి 36. అడిలైడ్‌లో కాపురం పెట్టినవారు ‘మీకు ఒక్క కప్పే కదా’ అని నోరు జారకుండా ఉండటం మంచిది.

ఒకే పోటీలోనైనా ఏ మ్యాచ్‌లను కలిపారన్నది చూసుకోవాలి. 2008లో హాథార్న్ ఆటగాడు లాన్స్ ఫ్రాంక్లిన్ కొట్టిన గోల్స్ 113 అని ఒకరు, 102 అని మరొకరు అంటే ఇద్దరూ తప్పు చెప్పినట్టు కాదు. అత్యధిక గోల్స్‌కు ఇచ్చే కోల్‌మన్ పతకానికి, సీజన్ చివర కప్పు కోసం ఆడే ఫైనల్స్‌కు ముందు జరిగే మ్యాచ్‌లే లెక్క, అది 102. ఫైనల్స్ కూడా కలిపితే 113. ఆ తర్వాత ఒక సీజన్లో వంద దాటినవారు లేరు. జట్టంతా వెనక్కి వచ్చి గోల్ ముందు జాగాను మూసేయడం, ఆటగాళ్లను మాటిమాటికీ మార్చి కాళ్లలో సత్తువ తగ్గకుండా చూసుకోవడం పెరిగేకొద్దీ, బంతంతా ఒక్క ఫార్వర్డుకే అందించే పాత పద్ధతి చెల్లకుండా పోయింది. అందుకే 1934లో బాబ్ ప్రాట్, 1971లో పీటర్ హడ్సన్ చెరో 150 గోల్స్ కొట్టిన సీజన్లు ఇప్పటి పిల్లలకు నమ్మశక్యంగా ఉండవు. మొత్తం గోల్స్ పట్టికలో హడ్సన్ 727 దగ్గరే ఆగినా, అవన్నీ 129 మ్యాచ్‌లలో వచ్చినవి. పతకానికి పేరిచ్చిన జాన్ కోల్‌మన్ మోకాలి గాయంతో ఆట ఆగిపోయేలోగా 98 మ్యాచ్‌లలో 537 కొట్టాడు. మొత్తంతో పాటు సగటునూ చూడనివారికి ఈ ఇద్దరి స్థాయి తెలియదు.

ఏ లెక్క ఎప్పటి నుంచి రాయడం మొదలుపెట్టారో తెలియకపోతే మరో పొరపాటు జరుగుతుంది. కిక్కులు, హ్యాండ్‌బాల్స్ (పిడికిలితో కొట్టి అందించే పాస్‌లు) కలిపి చెప్పే డిస్పోజల్స్ లెక్క 1965 నుంచి, ట్యాకిల్స్ లెక్క 1987 నుంచి మాత్రమే క్రమంగా దొరుకుతాయి. 1989లో గ్రెగ్ విలియమ్స్ నెలకొల్పిన 53 డిస్పోజల్స్ రికార్డును 2018లో టామ్ మిచెల్ 54తో దాటాడు. కానీ అంపైర్ల ఓట్లతో ఏటా ఉత్తమ ఆటగాడికి ఇచ్చే బ్రౌన్‌లో పతకాన్ని 1930లలో మూడుసార్లు గెలిచిన హేడన్ బంటన్‌ ఒక మ్యాచ్‌లో ఎన్ని చేశాడో ఎవరూ చెప్పలేరు. ఆ పతకం ఓట్లలోనూ ఇదే తంటా. 1924 నుంచి 1930 వరకు అంపైరు మ్యాచ్‌కు ఒక్క ఓటే వేసేవాడు, 1931లో 3–2–1 పద్ధతి వచ్చింది, 1976, 1977 సీజన్లలో ఇద్దరు అంపైర్లు విడివిడిగా ఓటు వేశారు. అందుకే 1977లో గ్రాహం టీస్‌డేల్‌కు 59 ఓట్లు పడినా, 2024లో పాట్రిక్ క్రిప్స్ పొందిన 45నే రికార్డుగా చెబుతారు.

కప్పుల పట్టిక మీద వాదన పెట్టుకోదలిస్తే కార్ల్‌టన్, కాలింగ్‌వుడ్, ఎసెండన్‌లకు తలా 16 ఉన్నాయని తెలిస్తే చాలు. ఎసెండన్ గెలిచినవాటిలో 1897, 1924 నాటి కప్పులు రెండూ గ్రాండ్ ఫైనల్ లేకుండా వచ్చినవే, ఆ రెండేళ్లూ ఫైనల్స్‌ను లీగు పద్ధతిలో ఆడించారు. యుద్ధం వల్ల నాలుగే జట్లు మిగిలిన 1916లో ఫిట్జ్‌రాయ్ పట్టికలో అట్టడుగున ఉండి కూడా ఫైనల్స్ ఆడి కప్పు గెలిచింది. 2020లో క్వార్టర్ల నిడివి ఇరవై నిమిషాల నుంచి పదహారుకు తగ్గించారు కనుక ఆ ఏడాది తక్కువ స్కోర్లను చూసి ఆట చప్పబడిందని తేల్చకూడదు. 1970 గ్రాండ్ ఫైనల్‌కు హాజరైన 1,21,696 మంది రికార్డు మాత్రం ఎవరూ కదపలేనిది. ఇప్పటి మెల్‌బోర్న్ క్రికెట్ మైదానంలో పట్టేదే లక్ష మంది.

ఇదంతా మాటల్లో కలవడానికి పనికొస్తుందే తప్ప, ఆఫీసులో వారం వారం గెలిచే జట్లను ఊహించే టిప్పింగ్ పోటీకి అక్కరకు రాదు. దానికి పాత పట్టికలు పక్కన పెట్టి, మ్యాచ్ ఏ నగరంలో జరుగుతోందో, ఏ జట్టు విమానమెక్కి దూరం నుంచి వస్తోందో, జట్ల ప్రకటనలో గాయాలతో ఎవరు తప్పుకున్నారో చూసుకుని, మొదటి మ్యాచ్ మొదలయ్యేలోగా మీ ఎంపికలు పంపేయండి.