డబ్బు కట్టి పేపర్ వేయించొద్దు

ప్రశ్న: మాది కర్నూలు, బెంగళూరులో స్థిరపడ్డాం. మా అమ్మాయి ఎమ్మెస్సీ సైకాలజీ మొదటి సంవత్సరం చదువుతోంది. కంపెనీల్లో పనిచేసే సైకాలజిస్ట్ అవుతానంటోంది. అది హెచ్‌ఆర్ ఉద్యోగమే కదా, దానికి ఇంత చదువెందుకు? పైగా రీసెర్చ్ పేపర్లు ఉంటేనే పైకొస్తారని, డబ్బు కడితే వారంలో జర్నల్లో వేయిస్తామని ఎవరో ఫోన్ చేశారట. కట్టమంటారా?

జవాబు: కట్టొద్దమ్మా. వారంలో అచ్చయ్యే పేపర్‌ను నిజంగా చదివి తప్పొప్పులు చెప్పేవాళ్లు ఉండరు. మంచి జర్నళ్లలో ఆ పరిశీలనకే నెలలు పడుతుంది. ‘యూజీసీ అప్రూవ్డ్’ అన్నా నమ్మకండి. మంచి జర్నళ్లంటూ ‘కేర్’ పేరుతో తాను పెట్టిన జాబితానే యూజీసీ 2025లో ఎత్తేసింది. పీహెచ్‌డీ థీసిస్ ఇచ్చే ముందు పేపర్ తప్పనిసరి అన్న షరతు కూడా 2022 యూజీసీ నిబంధనల్లో లేదు.

ఇక హెచ్‌ఆర్ సంగతి. ఇంటర్వ్యూలు పెట్టి మనుషుల్ని తీసుకోవడం హెచ్‌ఆర్ పని. ఆ ఇంటర్వ్యూలో ఎక్కువ మార్కులు తెచ్చుకున్నవాళ్లే ఏడాది తర్వాత బాగా పనిచేస్తున్నారా అని లెక్క తీసి చూసేది సైకాలజిస్ట్. నైట్ షిఫ్టులో పొరపాట్లు ఎందుకు పెరుగుతున్నాయి, ఒకే ప్రొడక్షన్ లైన్‌లో జనం ఎందుకు ఉద్యోగం మానేస్తున్నారు అన్నవీ వాళ్ల ప్రశ్నలే.

మీ అమ్మాయిని అహ్మదాబాద్ కాలికో మిల్లు కథ చదవమనండి. అక్కడ కొత్తగా ఆటోమేటిక్ మగ్గాలు పెట్టారు. ఉత్పత్తి మాత్రం అనుకున్నంత రాలేదు. ఒక షెడ్డులో 224 మగ్గాలు, 29 మంది కార్మికులు. ఎవరి ముక్క పని వారిది, ఏ మగ్గానికీ పూర్తి బాధ్యత ఎవరిదీ కాదు. పనిచోట మనుషుల తీరును పరిశోధించే లండన్ టావిస్టాక్ ఇన్‌స్టిట్యూట్ నుంచి వచ్చిన ఎ.కె.రైస్ అది గమనించి, కొన్ని మగ్గాలను ఒక చిన్న బృందానికి అప్పగిస్తే ఎలా ఉంటుందన్నాడు. బృందాలను ఎలా కట్టుకోవాలో కార్మికులూ సూపర్‌వైజర్లే తేల్చుకున్నారు. ఉత్పత్తి పెరిగింది, పాడయ్యే బట్ట తగ్గింది. ఆ పేపర్ 1953లో వచ్చింది. తర్వాత ఎరిక్ మిల్లర్ మళ్లీ వెళ్లి చూసి రాసిన పేపర్ 1975లో వచ్చింది. ఒక చోట ఆ పద్ధతి నిలిచింది, మరోచోట సడలిపోయింది. సడలిపోయిందని కూడా రాశారు చూడండి, నాకు ఆ నిజాయితీ అంటే చాలా గౌరవం.

ఇలాంటి పేపర్‌కు విలువ ఉంటుంది. కానీ కంపెనీలో చేసిన పనిలో చాలా భాగం గోప్యత వల్ల బయటికి రాదు. అందుకే ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్ల పేరిట కూడా రెండు మూడు పేపర్లే ఉండొచ్చు. అది లోటు కాదు.

ఉద్యోగ ప్రకటనల్లో సైకాలజిస్ట్ అన్న పేరు పెద్దగా కనిపించదు. టాలెంట్ అసెస్‌మెంట్, పీపుల్ అనలిటిక్స్ (ఉద్యోగుల సమాచారాన్ని లెక్కగట్టి చూడటం), ట్రైనింగ్ అని వెతకాలి. ప్రభుత్వం వైపు చూస్తే, మీ బెంగళూరులోనే సైనికాధికారుల ఎంపిక చేసే సెలక్షన్ సెంటర్ సౌత్ ఉంది, వైమానిక దళం వారి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఏరోస్పేస్ మెడిసిన్ ఉంది. ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ చికిత్స చేసే క్లినికల్ సైకాలజిస్టుల్లాంటి వాళ్లకు, ఈ దారికి అక్కర్లేదు. అది లేకుండా ఉద్యోగులకు చికిత్స మాత్రం చేయకూడదు. ఇంకో మాట. మధ్యలో ఉద్యోగంలో చేరి డిస్టెన్స్‌లో పూర్తి చేద్దామనుకోవద్దు. 2025 నుంచి సైకాలజీని దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో చెప్పకూడదని యూజీసీ ఆపేసింది.

ఇప్పుడు తను చేయాల్సింది స్టాటిస్టిక్స్ మీద గట్టిగా కూర్చోవడం. చాలామంది భయపడి వదిలేసేది అదే, ఈ ఉద్యోగానికి ప్రాణం కూడా అదే. కన్నడ ధారాళంగా వస్తే సగం పని అయినట్టే, ఫ్యాక్టరీలో యంత్రాల దగ్గర పనిచేసే మనుషులు మనసు విప్పేది వాళ్ల భాషలోనే. సెలవుల్లో బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలో ఓ చిన్న ఫ్యాక్టరీలో ఇంటర్న్‌షిప్ అడగమనండి. చేరే ముందే రెండు విషయాలు కాగితం మీద రాయించుకోవాలి: ఏ కార్మికుడి జవాబులూ పేరుతో సూపర్‌వైజర్‌కు చేరకూడదు, కంపెనీ పేరు తీసేసి ఫలితాలను థీసిస్‌లో వాడుకోవచ్చు. మొదటిదానికి యాజమాన్యం ఒప్పుకోకపోతే, ఎంత పెద్ద కంపెనీ అయినా సరే, వేరేది చూసుకోమనండి.